గాలికి వెళ్ళొద్దామా?

పెళ్ళయి మద్రాసు వచ్చిన కొత్తలో ఒక శనివారం మా వారు "సాయంత్రం డ్రైవ్-ఇన్‌కి వెళ్దాం, తయారై ఉండు" అన్నారు. 2001 సంగతి. తెనాలి నుంచి వచ్చిన నాకు డ్రైవ్-ఇన్ అంటే తెలిసింది ఒకటే, కెథడ్రల్ రోడ్డులో ఉండే వుడ్‌ల్యాండ్స్ డ్రైవ్-ఇన్. చెట్ల కింద కారు ఆపుకుంటే కారు దగ్గరికే దోసె తెచ్చిపెట్టే హోటలు. మా ఇంట్లో అందరూ దాని గురించి గొప్పగా చెప్పేవాళ్ళు. సరే కదా అని మధ్యాహ్నం సగం అన్నమే తిని, మంచి చీర కట్టుకుని కూర్చున్నాను.

తీరా చూస్తే స్కూటరు అడయారు దాటింది, తిరువాన్మియూరు దాటింది, సముద్రం పక్క రోడ్డెక్కి పోతూనే ఉంది. "దోసెలకి ఇంత దూరమా అండీ?" అని అడిగాను. ఆయనకి అర్థం కాలేదు. అర్థమయ్యాక స్కూటరు పక్కకి ఆపి మరీ నవ్వారు.

ఆ రోజు మేం వెళ్ళింది ప్రార్థనకి. ఈసీఆర్ మీద ఇంజంబాక్కంలో ఉండేది. తొంభైల మొదట్లో కట్టారు. మా చెన్నైకి ఉన్న డ్రైవ్-ఇన్ సినిమా అదొక్కటే. హాలు లేదు, పైకప్పు లేదు. పెద్ద ఖాళీ స్థలం, ఒక చివర ఆకాశానికి ఆనించినట్టు తెర. కార్లు వరసగా వచ్చి దానివైపు ముఖం పెట్టి ఆగుతున్నాయి. చీకటి పడేదాకా బొమ్మ వెయ్యరు. మాకు కారు లేదు కాబట్టి బయటే కూర్చుని చూశాం. ఆకలి దంచేస్తోంది, సినిమా అరవం, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా సముద్రం మీంచి గాలి వస్తుంటే, తల ఎత్తితే చుక్కలు కనబడుతుంటే, ఇదేదో బానే ఉందే అనుకున్నాను.

తర్వాత మా వారు నన్ను ఏడిపించడానికి "బీఏ తెలుగు చదివావుగా, డ్రైవ్-ఇన్‌కి తెలుగు మాట చెప్పు" అనేవారు. నాలుగైదు రకాలుగా ప్రయత్నించాను, ఒక్కటీ కుదరలేదు. దానికి సరైన అర్థం చెప్పింది పదేళ్ళ తర్వాత మా అత్తయ్య. ఆ సంగతి చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

ముందు మా అత్తయ్య గురించి చెప్పాలి. మా మామయ్యగారు వడపళనిలో ఒక స్టూడియోలో లెక్కలు రాసేవారు. తెలుగు సినిమా అంతా మద్రాసులో ఉన్న రోజులవి. ఇంటికి ప్రివ్యూ షోల పాసులు వచ్చేవి. ఊళ్ళో వాళ్ళకంటే ముందు మా అత్తయ్య సినిమా చూసేసేది. చూసి, కథ చెప్పకుండా, "బావుందిలే, నువ్వే చూద్దువుగాని" అని చెల్లెళ్ళకి ఉత్తరాలు రాసేదట. సినిమా వాళ్ళు ఒక్కొక్కరే హైదరాబాదు వెళ్ళిపోయినా వీళ్ళు సాలిగ్రామంలోనే ఉండిపోయారు. మామయ్యగారు రిటైరయ్యాక కూడా ఇద్దరూ కలిసి కాసినోకో, ఇంకో చోటికో తెలుగు సినిమా వస్తే తప్పకుండా వెళ్ళేవారు. ఆవిడకి నగల పిచ్చి లేదు, చీరల పిచ్చి లేదు. ఉన్నదల్లా సినిమా పిచ్చి.

2010 జూలైలో మామయ్యగారు పోయారు.

తర్వాత ఏముంటుందో మీకు తెలిసిందే. ఏడాది తిరిగేదాకా పండగలు లేవు, పెళ్ళిళ్ళు లేవు, ఇంక సినిమా మాట ఎత్తేదెవరు? వచ్చినవాళ్ళందరూ ఆయన గురించే మాట్లాడేవారు. ఎలా పోయారు, రాత్రి ఏం తిన్నారు, ముందే ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సింది కదా. అత్తయ్య అందరికీ అదే కథ మొదటినుంచి చివరిదాకా చెప్పేది. కథ చెప్పని మనిషి ఆ ఒక్క కథా రోజుకి రెండుసార్లు చెప్పేది. మిగతా సమయమంతా గదిలో కిటికీ దగ్గర కూర్చునేది. టీవీలో పాటొస్తే తనే లేచి కట్టేసేది.

మార్చి నెలలో ఒక శనివారం మా వారు "అమ్మని కాస్త బీచి గాలికి తీసుకెళ్దాం" అన్నారు. అప్పటికి మాకు ఒక పాత మారుతి 800 ఉంది. అత్తయ్య, నేను, ఏడేళ్ళ మా అమ్మాయి. ఫ్లాస్కులో వేడినీళ్ళు, డబ్బాలో పెరుగన్నం. తిరువాన్మియూరు దగ్గర బీచివైపు తిరగాల్సిన కారు తిన్నగా పోయింది. పాలవాక్కం, నీలాంకరై. నాకు అనుమానం వచ్చింది. ఎక్కడికండీ అన్నాను. ఆయన మాట్లాడలేదు. ఇంజంబాక్కం రాగానే గేటు వైపు తిప్పారు.

ఇక్కడ నా గురించి నిజం చెప్పాలి. వద్దన్నది అత్తయ్య కాదు, నేను. "మీకేమైనా మతి ఉందా? ఏడాదైనా తిరగలేదు. ఎవరైనా చూస్తే?" అని గుసగుసగా తిట్టాను. నా బాధ మామయ్యగారి కోసం కాదు, సంప్రదాయం కోసమూ కాదు. రేపు తెనాలిలో నలుగురూ కూర్చుని 'మొగుడు పోయిన ఏడాదికే అత్తగారిని సినిమాకి తిప్పిందట కోడలు' అంటారని నా భయం. కొడుకుని ఎవరూ అనరు కదా, కోడల్నే అంటారు.

వెనక సీట్లోంచి అత్తయ్య అడిగింది. "అబ్బాయ్, అద్దాలకి నల్ల కాగితం ఉంది కదూ?"

ఉంది. అప్పటికింకా కార్ల అద్దాలకి నల్ల ఫిల్ము తీయించెయ్యలేదు. సుప్రీంకోర్టు వద్దన్నది ఆ మరుసటేడు, 2012లో.

"అయితే పద" అంది.

సినిమా మొదలయ్యాక కాసేపు కొంగు తలమీద కప్పుకుని, సీట్లో బాగా కిందకి జారి కూర్చుంది. ఎవరైనా కారు పక్కనుంచి నడిచి వెళ్తే మొహం తిప్పేసుకునేది. కామెడీ సీను వచ్చింది. వెనకనుంచి చిన్న శబ్దం వినబడింది. ఏడుస్తోందేమో అని గబుక్కున తిరిగి చూశాను. నవ్వుతోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వుతోంది. ఎనిమిది నెలల తర్వాత.

ఇంటర్వెల్లో మా వారు టీ తేవడానికి వెళ్ళారు. ఎవరో అద్దం మీద తట్టారు. నా గుండె ఆగింది. పక్క కారులోంచి వచ్చిన అమ్మాయి, చంకలో పసిబిడ్డ. పాలు కలపడానికి కాస్త వేడినీళ్ళున్నాయా అని అరవంలో అడిగింది. నేను కదిలేలోపే అత్తయ్య తన వైపు అద్దం దించి ఫ్లాస్కు అందించింది. ఆ అమ్మాయి నీళ్ళు పోసుకుని, ఫ్లాస్కు తిరిగిస్తూ మామూలుగా అడిగింది, "పడం నల్లా ఇరుక్కుల్ల అమ్మా?" సినిమా బావుంది కదూ అని.

చీకట్లో అత్తయ్య బోసి నుదురు ఆ అమ్మాయికి కనబడలేదో, కనబడినా పట్టించుకోలేదో నాకు తెలీదు. ఎనిమిది నెలల్లో ఆవిడని ఎవరైనా మామయ్యగారి చావు గురించి కాకుండా ఇంకో విషయం అడగడం అదే మొదటిసారి. అత్తయ్య ఒక్క క్షణం ఆగి "రొంబ నల్లా ఇరుక్కు" అంది. ఆ తర్వాత అద్దం మళ్ళీ ఎక్కించలేదు.

తిరిగి వస్తుంటే తనే మాట్లాడింది. "మీ నాన్న ఉంటే ఫోటోగ్రఫీ మసకగా ఉందనేవారు. ఆయనకి ఏదీ ఒక పట్టాన నచ్చేది కాదు." ఇంకాసేపటికి మళ్ళీ అంది. "నా చిన్నప్పుడు తోలుబొమ్మలాట పక్క ఊళ్ళో ఆడితే మా నాన్న ఎడ్లబండి కట్టేవాడు. ఆడవాళ్ళం దిగేవాళ్ళం కాదు. బండిలోనే గడ్డి పరుచుకుని, దుప్పట్లు కప్పుకుని చూసేవాళ్ళం. ఎడ్లని విప్పి కట్టేసేవారు. ఇదీ అదే కదట్రా. ఎడ్లు లేవంతే."

అదీ డ్రైవ్-ఇన్‌కి తెలుగు అర్థం. నా బీఏకి అందనిది ఆవిడకి అందింది.

తర్వాత ఆ ఏడాదిలో నాలుగైదుసార్లు వెళ్ళాం. "గాలికి వెళ్ళొద్దామా?" అనేది మా ఇంట్లో రహస్య భాష అయింది. ఎండాకాలంలో ఒకసారి తెనాలి నుంచి మా పిన్నత్తగారు వచ్చి, "మీ అత్తగారు ఎంత నియమంగా ఉందమ్మా, గడప దాటట్లేదు" అని మెచ్చుకుంటే నేను "అవునండీ" అని తలూపాను. గదిలోంచి అత్తయ్య కళ్ళజోడు పైనుంచి నన్నొక చూపు చూసింది. మా అత్తాకోడళ్ళ మధ్య అసలైన స్నేహం ఆ చూపుతోనే మొదలైందని నా నమ్మకం.

ఈ డ్రైవ్-ఇన్ అనేది అసలు ఎలా పుట్టిందో ఆ మధ్య చదివాను. అమెరికాలో రిచర్డ్ హాలింగ్స్‌హెడ్ అనే ఆయన మొదలుపెట్టాడు. వాళ్ళమ్మ భారీ మనిషట, హాలు కుర్చీలో కూర్చోలేక అవస్థ పడేదట. ఆవిడ కారులోనే హాయిగా కూర్చుని చూడాలని, ఇంటి పెరట్లో చెట్లకి దుప్పటి కట్టి, కారు బానెట్ మీద ప్రొజెక్టర్ పెట్టి ప్రయోగాలు చేశాడని చెబుతారు. ముందు కారు వెనక కారుకి అడ్డురాకుండా చక్రాల కింద దిమ్మలు పెట్టి ఎత్తు సరిచూసుకున్నాడట. 1933 జూన్‌లో న్యూజెర్సీలో మొదటిది తెరిచాడు. తర్వాత పాతికేళ్ళకి అమెరికాలో నాలుగు వేలకు పైగా అయ్యాయి. ఇప్పుడు కొన్ని వందలు మిగిలాయి. లెక్కలు పక్కన పెట్టండి. ఇది ఒక కొడుకు అమ్మ కోసం ఆలోచించిన ఉపాయం అని చదివినప్పుడు నాకు మా వారు గేటు వైపు కారు తిప్పడం గుర్తొచ్చింది. నేను తిట్టిన తిట్లు కూడా గుర్తొచ్చాయి.

మన దేశంలో ఇవి ఎప్పుడూ ఎక్కువ లేవు. అహ్మదాబాదులో ఒకటి 1973లో పెట్టారు. బొంబాయిలో బాంద్రాది 1977లో మొదలై 2003లో మూతపడింది. ఎందుకు నిలవవో గృహిణికి అర్థమయ్యే లెక్కే. మామూలు హాల్లో రోజుకి నాలుగు ఆటలు వేస్తారు. దీనికి పొద్దుగూకితే గానీ తెర మీద బొమ్మ కనబడదు, మహా అయితే రెండాటలు. మా చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. ఒక మనిషి కూర్చోవడానికి కుర్చీ అంత చోటు చాలు, కారుకి అయితే మా వంటగది అంత కావాలి. ఆ చోటు కూడా ఎక్కడ? ఈసీఆర్ మీద, సముద్రం పక్కన. మేం స్కూటరు మీద వెళ్ళినప్పుడు ఆ దారిలో సరుగుడు తోటలు కనబడేవి. తర్వాత తర్వాత గోడలు, గేట్లు, విల్లాల బోర్డులు. అడుగు నేలకి ఇంత అని పలికేచోట రాత్రిపూట రెండాటల కోసం అంత నేల ఖాళీగా పెట్టుకోవడం ఎవరివల్ల అవుతుంది?

ఈ కారణాలన్నీ నిజమే. కానీ ఇంకొకటి ఉంది. అది మేమే.

మామయ్యగారి సంవత్సరీకాలు అయిపోయాయి. మా ఇంటికి దగ్గర్లోనే మల్టీప్లెక్సు వచ్చింది. చల్లగా ఉంటుంది, దోమలుండవు, మధ్యాహ్నం ఆటకి వెళ్ళి సాయంత్రం వంటకి ఇంట్లో ఉండొచ్చు. అత్తయ్య ఒకటి రెండుసార్లు వచ్చింది. ఎస్కలేటర్ ఎక్కడానికి భయం. ఏసీకి మోకాళ్ళు పట్టేసేవి. చీకట్లో మెట్లు కనబడవు. బాత్రూముకి లేవాలంటే వరసలో పదిమందిని లేపాలి. అన్నిటికంటే, వెలుతురులో నిలబడి ఉన్నప్పుడు తెలిసినవాళ్ళు పలకరించి, "ఏమ్మా, సినిమాకా?" అనేవారు. అనడంలో ఏం లేదు. కానీ ఆ "సినిమాకా" దగ్గర గొంతు కాస్త పైకి లేస్తుంది చూశారా, అది. మూడోసారి పిలిస్తే "మీరు వెళ్ళిరండి, నేను ఇల్లు చూసుకుంటా" అంది. మేం వెళ్ళాం. ఆవిడ ఇల్లు చూసుకుంది.

అప్పుడప్పుడూ మాత్రం అడిగేది. "గాలికి వెళ్ళొద్దామా?" అమ్మాయికి పదో తరగతి అనేదాన్ని. ట్రాఫిక్కు అనేదాన్ని. దోమలు అత్తయ్యా, డెంగ్యూ రోజులు అనేదాన్ని. వచ్చేవారం చూద్దాం అనేదాన్ని. ఒక్కటీ అబద్ధం కాదు. 2019 దీపావళి తర్వాత అడిగితే "వానలు తగ్గనివ్వండి" అన్నాను. తగ్గాక సంక్రాంతి పనులు. తర్వాత అమ్మాయి పరీక్షలు. తర్వాత మార్చి వచ్చింది, లాక్‌డౌన్ వచ్చింది, ఊళ్ళో హాళ్ళన్నీ తలుపులు వేసుకున్నాయి.

ఆ రోజుల్లో మా వారు "ఇప్పుడు డ్రైవ్-ఇన్ అయితే ఎంత బావుండేది, ఎవరి కారులో వాళ్ళు" అన్నారు కూడా. అలాంటి జబ్బు కాలానికే పుట్టినట్టున్న ఆ హాలు ఆ జబ్బు కాలంలోనే మూతపడింది. తర్వాత ఒకరోజు పేపరు చదువుతూ ఆయనే చెప్పారు, ప్రార్థన ఇక లేదని, ఆ నేల ఇళ్ళు కట్టేవాళ్ళ చేతికి వెళ్ళిందని.

నాకు చాలా బాధేసింది. ఫోనులో వాళ్ళకీ వీళ్ళకీ చెప్పుకున్నాను, అయ్యో ఎంత మంచి చోటో, ఎన్ని జ్ఞాపకాలో అని. అందరూ అయ్యో అన్నారు. ఫేస్‌బుక్కులో కూడా ఎంతమందో అయ్యో అన్నారు. ఆఖరిసారి ఎప్పుడు వెళ్ళావే అని మా చెల్లెలు అడిగింది. లెక్కేసుకుంటే ఐదేళ్ళు దాటింది. ఐదేళ్ళుగా టిక్కెట్టు కొననిదాన్ని, నాకు అయ్యో అనే హక్కు ఎక్కడిది?

అత్తయ్యకి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. చెప్పాను. ఆవిడ చిక్కుళ్ళు ఒలుస్తోంది. చెయ్యి ఆపలేదు. "పోన్లే. అంత చోటు ఎన్నాళ్ళుంచుతారు" అంది. కాసేపయ్యాక, "వుడ్‌ల్యాండ్స్ పోయినప్పుడు కనీసం తోటైనా వేశారు" అంది. నిజమే. 2008లో ఆ హోటలు మూసేశాక అక్కడ సెమ్మొళి పూంగా వచ్చింది. చెట్లు మిగిలాయి. ఇక్కడ మిగలడానికి చెట్లు కూడా లేవు, ఉన్నది చీకటే. చీకటి ఎవరికి పనికొస్తుంది అనుకుంటాం. నలుగురి మధ్య ఉండాలి, నలుగురి కళ్ళలో పడకూడదు అనుకునే ఆడమనిషికి అంతకంటే పనికొచ్చేది ఇంకోటి నాకు కనబడలేదు. ఇల్లు అయితే ఒంటరితనం, వీధి అయితే కళ్ళు. ఆ రెంటికీ మధ్య ఒక చోటు ఉండేది. అది మూతబడ్డాక గానీ అది అదని నాకు తెలియలేదు.

పోయిన నెల అమ్మాయి బెంగుళూరు నుంచి వస్తే అందరం ముట్టుకాడు దక్షిణచిత్రకి వెళ్ళాం. ఇంజంబాక్కం దగ్గరికి రాగానే అత్తయ్య అద్దం దించమంది. ఆవిడకి ఇప్పుడు డెబ్భై తొమ్మిదో ఏడు. బయటికి చూడలేదు, కళ్ళు మూసుకుని కూర్చుంది. నేనేదో అనబోతే చేత్తో ఆగమంది. ఆ చోటు దాటి చాలా దూరం వెళ్ళాక, "ఆ పిల్లాడికి ఇప్పుడు పన్నెండో పదమూడో ఏళ్ళొచ్చి ఉంటాయి" అంది. ఏ పిల్లాడు అత్తయ్యా అన్నాను. "వేడినీళ్ళ పిల్లాడు" అంది.

మీ ఊళ్ళో కూడా ఏదో ఒకటి ఉండే ఉంటుంది. పాత హాలో, గ్రంథాలయమో, పార్కో. మీ ఇంట్లో ఎవరికో అది మీకంటే ఎక్కువ అవసరమై ఉంటుంది, అడగడానికి మొహమాటపడుతూ ఉంటారు. వచ్చేవారం అనకండి.

ఈ మధ్య అత్తయ్య "గాలికి వెళ్ళొద్దామా?" అంటే పొయ్యి మీద ఏమున్నా కట్టేసి చెప్పులేసుకుంటున్నాను. బెసెంట్ నగర్ బీచి దగ్గర కారు ఆపుకుని కూర్చుంటాం. ఎదురుగా తెర లేదు. ఆవిడ పాత సినిమా ఏదో ఒకటి ఎత్తుకుంటుంది. ఈసారి కథ మొత్తం, ముగింపుతో సహా చెబుతోంది.